అంబలి పొంగేదాకా ఊపిరి

నా నోట్లో ఇప్పుడు పైన ఐదు పళ్లు, కింద ఏడు మిగిలాయి. వయసు నలభై రెండు. హుకుంపేట సంతలో ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా "తాతా, పక్కకి జరుగు" అంటారు. అన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. మండి మాత్రం ఏం లాభం? పళ్లు రాలగొట్టుకున్నది నేనే, ఎవడో రాయి పెట్టి కొట్టలేదు. ఎడమ చేతి ఉంగరపు వేలు వంగుతుంది గానీ దానికి స్పర్శ లేదు, పొయ్యి దగ్గర కాలితే వాసన వచ్చాకే తెలుస్తుంది. అదే చేతి మోచేతి మడతలో నిమ్మకాయ పట్టేంత గొయ్యి ఉంది. ఇవన్నీ ముందే చెప్పేస్తున్నాను. మధ్యలో చెబితే జాలి కోసం చెప్పినట్టుంటుంది. జాలి నాకు కావలసినంత దొరికింది, ఇక వద్దు.

నేను మోరి ఊదేవాణ్ని. మోరి సన్నాయికి చుట్టం. కర్ర గొట్టం, చివర ఇత్తడి గిన్నె, నోటి దగ్గర తాటాకు పీక. సన్నాయి కంటే పొట్టిది, గొంతు మాత్రం పెద్దది, ఈ కొండ మీద ఊదితే ఆ కొండ మీద మేకలు తలెత్తుతాయి. అరకు వచ్చినవాళ్లు ధింసా ఆట చూసే ఉంటారు. ఆడవాళ్లు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు వేసుకుని, వరస కట్టి, మెలికలు తిరుగుతూ ఆడతారు. తుడుములు, డప్పులు వాళ్లతో అడుగు వేయిస్తాయి. వరస ఎటు తిరగాలో, ఎప్పుడు వంగాలో చెప్పేది మోరి. అందుకని మోరి ఊదేవాడు ఊపిరి కోసం ఆగకూడదు. బుగ్గల్లో గాలి నింపి పెట్టుకోవాలి, ఆ గాలిని పీకలోకి తోస్తూనే ముక్కుతో కొత్త గాలి లాక్కోవాలి.

అది నేర్పడానికి మా నాన్న దగ్గర ఒకటే పద్ధతి. బొప్పాయి ఆకు కాడ ఒకటి కోసి, చెంబుడు నీళ్లలో ముంచి, నా నోట్లో పెట్టేవాడు. అమ్మ పొయ్యి మీద చోడి, అంటే రాగి, అంబలి కుండ ఎక్కించేది. కుండ పొంగేదాకా చెంబులో బుడగలు ఆగకూడదు. ఆగితే ఆ పూట నాకు అంబలి లేదు. మొదట్లో నా కళ్లు తేలిపోయేవి, ముక్కులోంచి నీళ్లు కారేవి. అమ్మ నాన్న వైపు చూడనట్టు నటిస్తూ పొయ్యిలోకి పుల్లలు ఎగదోసేది, బేగి పొంగాలని. నాన్న అది చూసి, "మంట పెంచితే వాడి ఊపిరి పెరుగుతాదేటే?" అని కసిరేవాడు. పదమూడో ఏటికి కుండ పొంగి, దించి, చల్లారేదాకా కూడా నా బుడగలు ఆగేవి కావు.

మా ఊళ్లో ఇంకో కట్టుబాటు ఉంది. చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్లు అడవికి వేటకెళతారు, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు కర్ర పట్టుకుని వచ్చేపోయే బళ్లని ఆపుతారు. వేట దొరకక ఉత్త చేతులతో వచ్చినవాడి మీద పేడనీళ్లు పోస్తారు, అదో సరదా. ఆ పండగలో ధింసా వరస కట్టాక మోరి మధ్యలో తెగిందంటే వరస విడిపోవాలి, ఆ ఏడాది మళ్లీ కట్టరు. మోరివాడు తనంతట తాను ముగింపు పలికిస్తే, అంటే స్వరం మూడు మెట్లు దిగి ఒక్క పొడుగు కూత, అప్పుడు వరస కూర్చుంటుంది. కాసేపాగి మళ్లీ కట్టుకోవచ్చు, ఎన్నిసార్లైనా. కానీ మా ఇంట్లో ముగింపు పలికించడమంటే పరువు తక్కువ. నాన్న మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దు వాలేదాకా ఒకే పట్టు. ఆడేవాళ్లు అలిసి ఒకరి చోట ఒకరు మారేవాళ్లు, నాన్న మారేవాడు కాదు. నాన్న పోయాక పండగ మోరి నాకొచ్చింది. ఆ పొగరు కూడా దాంతోపాటే వచ్చింది.

మా కొండల పేరు చెప్పగానే కింద మైదానం వాళ్లకి గంజాయి గుర్తొస్తుంది. బస్సులో పక్కన కూర్చున్నవాడు కూడా "మీ వైపు దొరుకుతుందటగా" అని కన్ను గీటుతాడు. తన్నాలనిపిస్తుంది. నన్ను తినేసింది కొండ మీద మొలిచింది కాదు. ఫ్యాక్టరీలో చేసి, అట్టలో ఒత్తి, రైలెక్కించి పైకి పంపిన తెల్ల మాత్ర. నొప్పులకి వాడే మందే.

అప్పుడు నేను ఒక రిసార్టులో ఆటలకి వెళ్లేవాణ్ని. చలికాలం టూరిస్టులు ఎక్కువ, రోజుకి మూడు ఆటలు. మంచులో పెదాలు పగిలి పీకకి నెత్తురు అంటేది. ఆ ఏడు కింది దవడ పన్ను ఒకటి పుచ్చి, మోరి నోట పెడితే చెవిదాకా సలుపు. నాతో తుడుము కొట్టేవాడు చిన్నప్పటి నుంచి నా జోడు, నన్ను బావా అని పిలిచేవాడు. మూడో ఆటకి ముందు వాడు నా చేతిలో ఒక మాత్ర పెట్టాడు. "ఇది ఏసుకో బావా. పన్నేటి, పన్ను బాబు కూడా నొప్పెట్టడు" అన్నాడు. వాడికి లారీ డ్రైవరు ఎవరో ఇచ్చాడట. మంచికే ఇచ్చాడు. నాకు ఇప్పటికీ వాడి మీద కోపం లేదు.

పన్ను నొప్పి పోయింది. పోతే పోయింది గానీ, ఆ రోజు ఇంకోటి జరిగింది. ఊదుతూ ఉంటే నాకు ఊపిరి అక్కర్లేకపోయింది. ముక్కుతో లాక్కోవాలన్న తహతహే లేదు. ఛాతీ నిమ్మళంగా ఉంది, మోరి దానంతట అది పలుకుతోంది, ఎంతసేపైనా ఊదగలననిపించింది. నాన్నని మించిపోయాననుకున్నాను. మోరివాడు తప్ప ఇంకెవడూ చేయని పొరపాటు అది. తాగుబోతు మైకం కోసం తాగుతాడు. నేను ఊపిరి పెరిగిందని మింగాను.

తర్వాత రోజూ కావలసి వచ్చింది. పీక ఎండిపోతే పలకదు, అందుకని మోరివాళ్లం ఊదబోయే ముందు పీకని బుగ్గలో పెట్టుకుని నానబెడతాం. కుడి బుగ్గలో పీక, ఎడమ బుగ్గలో మాత్ర. మింగితే ఆలస్యం, చప్పరిస్తే తొందరగా ఎక్కుతుందని నా తెలివి. మా ఆవిడ ధింసా వరసకి మొదట నిలబడే మనిషి, చేతిలో నెమలీకల కట్ట పట్టుకుని వరసని లాక్కెళ్లేది తనే. నా ఊపిరి నాకంటే ముందు తనకి తెలుస్తుంది.

"ఏటది బుగ్గలో?" అంది ఒకరోజు.

"పీక."

"రెండు బుగ్గల్లోనూ పీకలేనేటి?"

"ఒకటి పగిలితే ఇంకోటి ఉండాలి కదే. నీకేటి తెలుసు మోరి గురించి?"

మూడేళ్లు అదే అబద్ధం చెప్పాను. మూడేళ్లూ తను విన్నది, నమ్మలేదు.

నోరు ఎండిపోయేది. తీపి మీద పిచ్చి పుట్టి టీలో నాలుగు చెంచాల పంచదార వేసుకునేవాణ్ని. మాత్ర ఆనించిన వైపు పళ్లు ముందు నల్లబడ్డాయి, తర్వాత కదిలాయి. కడుపు బిగుసుకుపోయి వారానికోసారి, అదీ ఏడుస్తూ. ఒళ్లంతా దురద, గోకి గోకి పుళ్లు. విశాఖపట్నం పెళ్లిళ్లకి ఆటలు కట్టడం మొదలయ్యాక అక్కడ సూది అలవాటైంది. తుడుము కొట్టేవాడూ నేనూ ఒకరికొకరం తోడు. నరాలు ఒక్కొక్కటే గట్టిపడి మాయమైపోయాయి. ఓ రోజు సూది నరానికి కాక ఇంకెక్కడో తగిలింది, మెరుపు తగిలినట్టు చెయ్యి జివ్వుమంది. తెల్లారేసరికి ఉంగరపు వేలు తిమ్మిరెక్కింది. ఆ తిమ్మిరి ఇంక దిగలేదు. మోరికి ఏడు రంధ్రాలు, అందులో ఒకటి ఆ వేలిదే. మూసుకుందో లేదో చెవితో విని తెలుసుకోవలసి వచ్చింది.

అప్పటికైనా బుద్ధి రావాలి కదా? రాలేదు. నేను చిక్కిపోతుంటే ఊళ్లో పెద్దలు దిసారిని పిలిపించారు. గ్రహాలు చూసి, ముహూర్తాలు చెప్పి, గాలీ ధూళీ వదిలించేది ఆయనే. నా చెయ్యి పట్టుకుని, పడమటి ఊరివాళ్లెవరో నా ఆట చూసి ఓర్వలేక చెడు చేశారన్నాడు. నల్లకోడిని కోశారు. నేను ఎంత సంతోషించానో! నా తప్పు కాదు, పడమటి ఊరిది. ఆ కోడి కూర తిని, పెరట్లోకెళ్లి సూది పొడుచుకున్నాను. సిగ్గులేని జన్మ.

ఆ చైత్రంలో పండగ. మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది. ఊరు ఊరంతా గుడిసెల మధ్య ఖాళీ జాగాలో చేరింది. పెదబయలు వైపు నుంచి మా ఆవిడ పుట్టింటివాళ్లు కూడా వచ్చారు. వరస కట్టారు. తను ముందు, వెనక పద్దెనిమిది మంది. నేను ఊదడం మొదలుపెట్టాను. కాసేపు బాగానే సాగింది. తర్వాత ముక్కుతో గాలి లాగితే ఛాతీలో సగానికే ఆగింది. ఇంకోసారి లాగాను, చెమట్లు, కళ్ల ముందు ఈగలు. బుగ్గలు బిగించి గాలి తోశాను. పై పన్ను ఒకటి కుదుళ్లతో లేచి పీకకి అడ్డం పడింది. మోరి కీచుమని తెగిపోయింది. నేను వంగి ఉమ్మాను. నెత్తురు, పన్ను, ఎడమ బుగ్గలో సగం కరిగిన మాత్ర, అన్నీ కలిసి దుమ్ములో పడ్డాయి.

"ఓలమ్మ, తెగిపోనాదే!" అంది ఒక ముసలమ్మ.

వరస విడిపోయింది. చేతులు ఒక్కొక్కటే జారాయి. మా ఆవిడ వచ్చి నా కాళ్ల దగ్గర ఉమ్మి వైపు చూసింది. మాత్రని చూసింది. రెండో బుగ్గలో పీక ఏమిటో ఆ క్షణాన తనకి తెలిసింది. వెనక్కెళ్లి, వేటగాళ్ల కోసం కలిపి పెట్టిన పేడనీళ్ల బిందె ఎత్తుకొచ్చి, నా నెత్తి మీద కుమ్మరించింది.

"ఉత్త సేతుల్తో వచ్చినోడికి ఇదే కదేటి మర్యాద!" అంది.

మొదట నలుగురు నవ్వారు, పండగ సరదా అనుకుని. తన మొహం చూసి ఆపేశారు. ఆ ఏడాది మా ఊళ్లో మళ్లీ వరస కట్టలేదు. మోరిని తనే కడిగి, గుడ్డలో చుట్టి, పీకల డబ్బాతో సహా సంచిలో పెట్టి, ఇంటి దూలానికి కట్టేసింది. ఊరి పెద్ద వచ్చి చెప్పి వెళ్లాడు, వచ్చే ఏడు కూడా తెగితే మోరి ఇంకో ఇంటికి ఇచ్చేస్తామని. మూడు తరాల మోరి. నేను పేడ కంపుతో గోడకి చేరబడి కూర్చుని తల ఊపాను.

ఆ తర్వాత మోచెయ్యి వాచింది. ఎర్రగా, గట్టిగా, వేడిగా. వాన మొదలయ్యేసరికి అది పండి చితికింది, గదంతా కుళ్లు వాసన. మా ఆవిడ ముక్కు మూసుకోకుండా కడిగేది. ఆ రోజుల్లోనే తుడుము కొట్టేవాడి కబురొచ్చింది. బొర్రా స్టేషన్‌లో పొద్దున పది గంటలకి బెంచీ మీద కూర్చుని ఉన్నాడట. గుహలు చూడ్డానికి వచ్చినవాళ్లు అటూ ఇటూ తిరుగుతున్నారు, ఎవరో వాడి పక్కన కూర్చుని పనసతొనలు కూడా తిన్నారట. రైలు వచ్చి వెళ్లాక గానీ ఎవరికీ తెలియలేదు, వాడికి ఊపిరి లేదని. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయన్నారు.

నేను ఏడవలేదు. వాడి దగ్గర ఇంకా ఏమైనా మిగిలి ఉంటుందా అని ఆలోచించాను. ఈ ముక్క రాయడానికి చాలా రోజులు పట్టింది. చిన్నప్పటి నుంచి నా పక్కన తుడుము కొట్టినవాడు చచ్చిపోతే నాకు వచ్చిన మొదటి ఆలోచన అది. మా ఆవిడ నా మొహంలో అది చదివేసింది. మర్నాడే నన్ను రైలెక్కించింది. "రాకపోతే ఒగ్గేత్తాను. ఉత్తుత్తి మాట కాదు" అంది.

విశాఖపట్నం ఆసుపత్రిలో మొదటి వారం నేను మనిషిని కాను. ముందు ఆవలింతలు, ఆగని ఆవలింతలు. తర్వాత కళ్లల్లో, ముక్కులో నీళ్లు. ఎముకల్లో ఎవరో రంపం పెట్టి కోస్తున్నట్టు. కాళ్లు వాటంతటవే తన్నుకునేవి, మంచం పట్టీలకి తగిలి మడమలు చీరుకుపోయాయి. మూడేళ్లు బిగుసుకున్న కడుపు మూడు రోజుల్లో ఖాళీ అయింది, మంచం మీదే. మా ఆవిడ గుడ్డలు మార్చేది. నేను తనని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఒకసారి తన జుట్టు పట్టుకున్నాను. తను నా చెయ్యి విడదీసి, జుట్టు ముడేసుకుని, నీళ్లు తేవడానికి వెళ్లింది.

చెయ్యి కోసి చీము తీశారు. నాలుక కింద పెట్టే మాత్ర ఒకటి మొదలుపెట్టారు, ఆ మందు మానిపించడానికే. నర్సమ్మ మాత్ర పెట్టి, కరిగేదాకా ఎదురుగా నిలబడి, "నోరు తెరవండి" అనేది. టార్చిలైటు వేసి బుగ్గలు రెండూ, నాలుక కిందా చూసేది. దాచుకుని అమ్ముకునేవాళ్లు ఉంటారట. మా ఆవిడ పక్కన నిలబడి ఆ పని శ్రద్ధగా నేర్చుకుంది.

నా ఛాతీకి నెమ్ము కూడా పట్టింది. ఊపిరి పెరగడానికి మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటిచ్చారు, గొట్టం నోట్లో పెట్టుకుంటే బంతులు లేవాలి. నేను గొట్టం నోట పెట్టి, అలవాటు కొద్దీ బుగ్గలు ఉబ్బించి ఊదాను. బంతి కదల్లేదు. ఇంకా గట్టిగా ఊదాను.

"అయ్యో, ఊదకండి బాబూ! పీల్చండి. పీలిస్తేనే లేస్తుంది" అంది నర్సమ్మ.

"నాకు ఊదడమే వచ్చమ్మా."

"ఊదడానికి లోపలికి గాలి వెళ్లొద్దా మరి?"

పీల్చాను. ఒక్క బంతి సగం లేచి పడిపోయింది. కొండల్లో మేకలు తలెత్తేలా ఊదినవాణ్ని. పక్క మంచం మీద డెబ్బై ఏళ్ల మనిషి రెండు బంతులు లేపుతున్నాడు. నవ్వొచ్చింది, నవ్వుతూంటే ఏడుపొచ్చింది, అప్పుడు తుడుము కొట్టేవాడి కోసం ఏడ్చాను. వాడు పోయిన ఇరవై రోజులకి.

డాక్టరమ్మకి నా ఊపిరి సంగతి చెప్పాను. మాత్ర వేసుకుంటే ఊపిరి పెరిగేదని, నాన్న కంటే ఎక్కువ ఊదేవాణ్నని. ఆమె పెన్ను పక్కన పెట్టింది. "పెరగలేదండీ. గాలి కావాలని ఒళ్లు అడుగుతుంది చూశారా, ఆ అడగడాన్ని ఈ మందు చంపేస్తుంది. మీకు గాలి తక్కువైనా తెలియలేదు. మీ స్నేహితుడికి అదే జరిగింది. ఒళ్లు అడగడం మానేసింది, ఆయన పీల్చడం మానేశారు" అంది. ఆ మాట విని నేను చాలాసేపు నా ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చాక బాగుపడిపోయాననుకుంటే పొరపాటు. రెండో నెల మందుకని ఒక్కణ్నే విశాఖపట్నం వెళ్లి, ఆసుపత్రికి పోకుండా పాతవాళ్ల దగ్గరికి పోయాను. కుక్క తోక వంకర. మూడు రోజుల తర్వాత వచ్చాను. తను అన్నం పెట్టింది. ఆ తర్వాత ప్రతిసారీ నాతో వచ్చింది, పొలం పని మానుకుని. రోజూ పొద్దున మాత్ర పెట్టి, కరిగాక గడ్డం పట్టుకుని "నోరు తెరు" అనేది. నలభై ఏళ్ల మొగుణ్ని, ఇరుగుపొరుగు చూస్తుండగా, చిన్నపిల్లాడిలా. మొదట్లో కోపంతో చచ్చిపోయేవాణ్ని. కాఫీ పళ్లు ఏరే రోజులొచ్చేసరికి డాక్టరమ్మ మాత్ర తగ్గిస్తూ తగ్గిస్తూ ఆపేసింది. మాత్ర ఆగినా మా ఆవిడ నోరు చూడడం ఆపలేదు.

కాఫీ తోటలో వాలు ఎక్కితే పది అడుగులకి ఆగి చెట్టు పట్టుకునేవాణ్ని. ఆడవాళ్లు బుట్టలు నింపుకుని దిగిపోయేవాళ్లు. సాయంత్రం ఇంటికొచ్చి ఒక బొప్పాయి కాడ కోసుకుని, చెంబులో ముంచి, తను అంబలి కుండ పెట్టగానే ఊదేవాణ్ని. మొదటి రోజు కుండ కింద మంట అంటుకునే లోపే బుడగలు ఆగాయి. రోజూ ఊదాను. ముక్కు కారేది, కళ్లు తేలేవి, పళ్లు లేని సందుల్లోంచి గాలి తప్పించుకునేది. ఫాల్గుణానికి కుండ సగం వేడెక్కేదాకా పట్టగలిగాను. అంతే. అక్కణ్నుంచి ఒక్క బుడగ ముందుకి కదల్లేదు. ఎంత చచ్చీ చెడీ ఊదినా సగం కుండే. నా ఊపిరి ఇక ఇంతేనని నాకు తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. తను పొయ్యి దగ్గరే ఉండేది గానీ, నేను మధ్యలో దగ్గి, "పొగ" అనేవాణ్ని.

పండగ రోజొచ్చింది. పొద్దున్నే దూలం మీంచి సంచి దించి విప్పాను. ఏడాదిగా ముట్టుకోలేదు. మోరి బాగానే ఉంది. పీకల డబ్బా మూత తీశాను. నాలుగు ఎండిన పీకలు, వాటి కింద ఒక తెల్ల మాత్ర.

ఎప్పటిదో. నేనే దాచి మర్చిపోయింది. అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం వరస కడతారు. సగం కుండ ఊపిరితో మొదలుపెడితే మళ్లీ తెగుతుంది, అందరి ముందూ, తన పుట్టింటివాళ్ల ముందూ. మోరి ఇంకో ఇంటికి పోతుంది. ఇది వేసుకుంటే కనీసం ఊపిరి కావాలన్న బాధ ఉండదు. డాక్టరమ్మ చెప్పింది నాకు గుర్తులేక కాదు. ప్రతి మాటా గుర్తుంది. బొర్రా స్టేషన్ బెంచీ గుర్తుంది. అన్నీ గుర్తుండగానే కుడి బుగ్గలో పీక పెట్టుకున్నాను, ఎడమ బుగ్గలో మాత్ర పెట్టుకున్నాను. చేదు తగిలింది. ఆ చేదుకే ఒళ్లంతా మేలుకుంది, తోకూపుకుంటూ వచ్చిన కుక్కలా.

తను లోపలికి వచ్చింది. తలలో పువ్వులు, చేతిలో నెమలీకల కట్ట. నా ముందు వంగి గడ్డం పట్టుకుంది.

"నోరు తెరు."

"పీక నానుతోందే. తర్వాత."

గడ్డం వదల్లేదు. మింగేస్తే అయిపోయేది, ఒక్క గుటక. నాకూ తెలుసు, తనకీ తెలుసు. ఏడాదిగా నా చీము కడిగి, మలం ఎత్తిన చెయ్యి అది. నేను నోరు తెరిచాను.

తను చూసింది. రెండో అరచెయ్యి నా గడ్డం కింద పెట్టింది.

"ఉమ్ము."

ఉమ్మాను.

"ఎక్కడిది?"

"డబ్బాలోది. పాతది."

"ఎందుకెట్టుకున్నావు?"

"ఊపిరి సాలదే," అన్నాను. అంతవరకూ ఎవరికీ చెప్పని మాట. "సగం కుండకే అయిపోతంది. పొగా లేదు, ఏటీ లేదు, అంతా అబద్ధం. ఇంక పెరగదు. మళ్లీ తెగిపోద్ది."

"నాకు తెల్దేటి? రోజూ పొయ్యి కాడ కూకునేది నానే కదా. సగం కుండంటే సగమే ఊదు. తెగకముందే ఆపీ."

"నాన్న ఏ రోజూ అలా ఆపలేదు."

"ఆపలేదు!" అంది, గొంతు లేచింది. "పొద్దు వాలేదాకా ఊదీసి, ఆఖరి రెండేళ్లు నెత్తురు కక్కుకున్నాడు మీ నాన్న. నువ్వు ఆటలకని తిరిగీవోడివి, నువ్వు సూళ్లేదు. ఆ గిన్నెలు కడిగింది నాను. ఎవలికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. నీకు ఈయేళ సెప్పినాను."

బయటికెళ్లి మాత్రని పేడనీళ్ల బిందెలో పడేసి, చెయ్యి కడుక్కుని, వరస దగ్గరికి వెళ్లిపోయింది. నాన్న నన్ను చివరి రోజుల్లో దగ్గరికి రానివ్వకపోతే నా మీద కోపమనుకున్నాను ఇన్నేళ్లూ.

ఎండలోకి వెళ్లి నిలబడ్డాను. కొత్త తుడుము మొదలైంది. వరస కట్టారు. మోరి నోట పెట్టాను. పళ్లు లేని చోట పెదవిని చిగుళ్లకి అదిమి ఊదితే మొదటి కూత వంకరగా వచ్చింది, తర్వాత సర్దుకుంది. వరస కదిలింది. స్పర్శ లేని వేలిని చెవితో వింటూ ఊదాను. ఒక తిరుగుడు, రెండు, మూడు. ఛాతీ సగానికి వచ్చింది. నాకు తెలుసు ఆ చోటు, వంద సాయంత్రాలు అక్కడే బుడగలు ఆగాయి. ఇంకొక్క తిరుగుడు, ఇంకొక్కటే, అని లోపల ఎవరో అడిగారు. ఆ గొంతు కూడా నాకు బాగా తెలుసు. మూడు మెట్లు దిగాను. పొడుగు కూత కూసి ఆపాను.

వరస నిలిచిపోయింది. మా ఇంటి మోరి ఎండ నెత్తి మీద ఉండగా తనంతట తాను ఆగడం అంతకుముందు ఎవరూ చూడలేదు. నేను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాను.

"ఇదేటి, అప్పుడే ఆపీసినాడేటి?" అంది పోయినేటి ముసలమ్మే.

మా ఆవిడ నేల మీద కూర్చుని, నెమలీకలు ఒళ్లో పెట్టుకుని, కొంగుతో మొహం తుడుచుకుంది. "ఊపిరి తీసుకోనీ అత్తా. మళ్లీ కడతాం" అంది.

కట్టారు. మళ్లీ సగం కుండ, మళ్లీ మూడు మెట్లు, మళ్లీ కూర్చున్నారు. మళ్లీ లేచారు. ఆ రోజు పొద్దు వాలేదాకా వరస ఎన్నిసార్లు కట్టారో నేను లెక్కపెట్టలేదు. ఒక్కసారి కూడా తెగలేదు. ప్రతిసారీ నేనే ఆపాను.